గాయని తిప్పిన బిరడా

మాంతొవా,
ఈస్టర్ వెళ్ళిన మంగళవారం

అక్కా,

నీ తమ్ముడు ఎర్మెతె నమస్కరించి రాసే సంగతులు. ఇక్కడ నేనూ, నీ మరదలు ఇల్దే ఉన్నంతలో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, మదర్ గారూ, తక్కిన సిస్టర్లూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. నువ్వు రెండు ఉత్తరాలు రాశావు, నేను ఒక్కదానికీ జవాబు రాయలేదు. నీకు కోపం వచ్చే ఉంటుంది. కోపం వస్తే చివర "దేవుడు నిన్ను కాపాడుగాక" అన్న మాటను కలం నొక్కిపెట్టి రాస్తావు. రెండో ఉత్తరంలో ఆ మాట దగ్గర కాగితం చిరిగింది.

ముందు చిన్న ప్రశ్నలకు జవాబులు చెప్పేస్తాను. ఇల్దె మోకాలి నొప్పి తగ్గింది. మెట్లెక్కేటప్పుడు మాత్రం వీధి చివరివాళ్ళకు కూడా తెలిసేలా మూలుగుతుంది. మీ తోట పండ్లు ఉడికించి ముక్కలు కోసి పంపిన గట్టి జామ్ అందింది, జున్నుతో కలిపి తిన్నాం. నాన్న కొట్టు ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టారు. లోపల గోడకి మాంసం వేలాడదీసే కొక్కేలు ఇంకా ఉన్నాయి, వాటికి ఫోన్ల తీగలు తగిలించుకున్నారు. చిక్కిపోయానా అని అడిగావు, చిక్కాను. ప్రార్థన చేసుకుంటున్నావా అని అడిగావు. ల్యూట్ ఒళ్ళో పెట్టుకుని తీగలు శ్రుతి చేసేటప్పుడు చేసుకుంటున్నాను, ఈమధ్య ఇంకా ఎక్కువగా.

ఇక మిగిలినవి రెండు పెద్ద ప్రశ్నలు. నువ్వు ఆ మఠం గడప లోపలికి వెళ్ళి ఈ జూన్ నెలకు యాభై ఏళ్ళు నిండుతాయి కదా, ఆ రోజు పూజ అయ్యాక మీ గుడిలో కాసేపు వాయిస్తావా అన్నది మొదటిది. రెండోది, మీ పాదిరిగారు తెచ్చిచ్చిన పేపరు ముక్క గురించి. "ఆ పాడే అమ్మాయి పాట మధ్యలో నీ ల్యూట్ తీగ బిగించే బిరడా తిప్పుతుందట, చూసినవాళ్ళకు కళ్ళనీళ్ళు వచ్చాయట, నిజమేనా?" అని అడిగావు. చిన్న సిస్టర్లు అది చూడాలని ముచ్చట పడుతున్నారని కూడా రాశావు. అక్కా, ఈ రెంటికీ జవాబు ఒక్కటే. అది రాయలేకనే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

నాకు అలుపొచ్చింది. ముందు ఆ మాట చెప్పనీ. నీకు తప్ప చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఇల్దెకు చెబితే "నేనెప్పుడో చెప్పాను" అంటుంది, అనే హక్కు కూడా ఆమెకుంది. భుజాన ఆ పెట్టె వేసుకుని రైళ్ళు మారడం, పెట్టెను పక్క సీట్లో పెడితే టికెట్ తీసుకున్నావా అని అడిగే కుర్రకుంకలకు దండం పెట్టడం, చలికి బిగుసుకుపోయిన గుళ్ళలో వేళ్ళు చంకలో పెట్టుకుని వెచ్చబరచుకోవడం, కోట్లు విప్పకుండా కూర్చున్న నలభైమంది ముందు నాలుగొందల ఏళ్ళ కిందటి పాట వాయించడం. వాళ్ళలో పదిమంది దగ్గుతారు. ల్యూట్ శబ్దం దగ్గు కంటే చిన్నది. వాయించడం అయ్యాక ఒక పెద్దమనిషి తప్పకుండా దగ్గరికొస్తాడు. "చాలా బాగుందండీ, ఇది ఒక రకం గిటారా?" అంటాడు. అవునండీ, ఒక రకం గిటారే అంటాను. ఒకప్పుడు అరగంట వివరంగా చెప్పేవాణ్ణి.

ఒకప్పుడు ఎంత పొగరుగా ఉండేవాణ్ణో నీకు గుర్తుందా? సంగీత పాఠశాలలో గిటారు మాస్టారు గోళ్ళు పెంచమంటే నేను ఒకరోజు గోళ్ళన్నీ మొదలంటా కత్తిరించుకుని క్లాసుకు వెళ్ళాను. ల్యూట్ తీగను వేలి కండతో మీటాలి, గోరు తగలకూడదు. ఆయన నా చేతుల వంక చూసి, తలుపు వంక చూపించాడు. ఇంటికొచ్చి చెబితే నాన్న ఏమన్నాడు? "పందిపేగుల్లో మాంసం కూరి నేను మిమ్మల్ని పెంచాను. వీడు గొర్రెపేగుల్ని తీగలుగా లాగి పస్తులుంటానంటున్నాడు" అన్నాడు. పస్తులైతే ఉండలేదు. అలా అని వైభోగమూ లేదు. ఆ రోజుల్లో మన దేశపు పాత పాటలు మన దేశంలోనే అడిగే దిక్కు లేదు. గ్రంథాలయాల్లో కూర్చుని ఏ తీగ ఎక్కడ నొక్కాలో గీతల మీద అంకెలు వేసి చూపించే ఆ పాత పుస్తకాలు చేత్తో రాసుకుని ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. మనవాళ్ళ పద్ధతిలో అన్నిటికంటే పై గీత అన్నిటికంటే కింది స్వరం తీగ, అంతా తలకిందులు. పారిస్ నుంచి వచ్చినవాళ్ళు మొదటిసారి చూసి తలలు పట్టుకునేవాళ్ళు. నేను గర్వపడేవాణ్ణి. తలకిందులుగా చదవడం తప్ప వేరే గర్వకారణం లేదు మరి.

సరే, అసలు సంగతిలోకి వస్తాను. రెండేళ్ళ కిందటినుంచీ ఇల్దె టీవీ శబ్దం తగ్గిస్తూ ఉంటే నేను పెంచుతూ ఉన్నాను. వంటింట్లోంచి పిలిస్తే పలకడం లేదని సాధించేది. నేను స్వరాల గురించి ఆలోచిస్తున్నానని చెప్పేవాణ్ణి. ఒకరోజు నా ఎదురుగా వచ్చి నిలబడి, "చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని ఎందుకు కొరుకుతున్నావని అడిగాడట. నీ సంగతీ అంతే" అంది. చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. కింది స్వరాలు బాగానే వినబడుతున్నాయి, పై స్వరాలు పోయాయి అన్నాడాయన. పోయినవి ఇంకా పోతాయట, తిరిగి రావట. మీరేం పని చేస్తారని ఆఖర్న అడిగాడు. చెప్పాను. ఆయన కాసేపు కాగితాలు సర్దుకున్నాడు, పాపం మంచివాడు.

వినికిడి యంత్రం పెట్టుకుని చూశాను. మాట బాగా వినబడుతుంది, ఇల్దె తిట్లు ఇంకా బాగా వినబడతాయి. ల్యూట్ మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటుంది. తీసి డబ్బాలో పెట్టేశాను. శ్రుతి చూపించే యంత్రం కూడా కొన్నాను. దాన్ని వాడుతున్నారని ఎంతమంది పిల్లల్ని వెక్కిరించానో నీకు తెలియదు, దేవుడికి తెలుసు. ఇంట్లో అయితే దాంతో పని జరుగుతుంది. గుడిలో జనం నిండి గాలి వెచ్చబడగానే పేగు తీగలు జారిపోతాయి. పాట నడుస్తుండగా యంత్రం చూస్తూ కూర్చోలేం కదా. అదీగాక ల్యూట్‌లో తీగలు జంటలుగా ఉంటాయి. జంటలో ఒకటి వెంట్రుకవాసి జారినా రెండూ కలిసి ఏడుస్తాయి. ఆ ఏడుపు చెవికి తెలియాలి. నాకు తెలియడం లేదు.

అక్టోబరులో క్రెమోనాలో పాట కచేరీ. పాడింది దెల్ఫీనా. ఆమెను నీకు పరిచయం చేయాలి. పదహారేళ్ళప్పుడు నా దగ్గర ల్యూట్ నేర్చుకోవడానికి వచ్చింది. చేతి కంటే గొంతు బాగుందని నేనే పాటకు పంపాను. పన్నెండేళ్ళుగా మేమిద్దరమే కచేరీలు చేస్తున్నాం. ఆ రోజు విశ్రాంతి సమయంలో ఎవరో గుడిలో వేడి పెంచారు. నేను మళ్ళీ శ్రుతి చేసుకుని, అంతా సరిగ్గా ఉందనుకుని, భర్తను పోగొట్టుకున్న స్త్రీ ఏడ్చే పెద్ద పాట ఒకటి ఎత్తుకున్నాను. ఎంత హాయిగా వాయించానో చెప్పలేను. కళ్ళు సగం మూసుకున్నాను కూడా. మొదటి చరణం అయింది, చరణాల మధ్య నేను ఒంటరిగా వాయించే చోటు వచ్చింది. దెల్ఫీనా రెండడుగులు వేసి నా పక్కకొచ్చింది. చెయ్యి చాపి, నేను వాయిస్తుండగానే రెండో జంటలో ఒక బిరడాను నెమ్మదిగా తిప్పింది. తిప్పి, చెయ్యి అక్కడే ఉంచి రెండో చరణం అందుకుంది.

నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. పాట పాడే మనిషి జనం చూస్తుండగా ల్యూట్ వాయించేవాడి బిరడా తిప్పడమంటే, వడ్డన మధ్యలో ఎవరో వచ్చి వంటవాడి కూరలో ఉప్పు వేసినట్టే. కానీ జనానికి అది అలా కనబడలేదు. ఏడ్చే స్త్రీ చనిపోయిన భర్త చేతిని తడుముతున్నట్టు కనబడిందట. గుడి అంతా లేచి నిలబడింది. మర్నాడు పేపరులో ఆ చెయ్యి గురించే సగం వ్యాసం రాశారు. మీ పాదిరిగారు తెచ్చింది అదే.

అప్పటినుంచీ పిలిచిన ప్రతి ఊరివాళ్ళూ "ఆ బిరడా తిప్పే పాట ఉంటుందిగా?" అని అడుగుతున్నారు. ఉంటుందని చెబుతున్నాను. ప్రతి కచేరీలోనూ ఆమె నా పక్కకొచ్చి నిలబడుతుంది, ఏ తీగ జారితే ఆ బిరడా తిప్పుతుంది. ఒక పాటలో కాదు, ఇప్పుడు మూడు నాలుగు పాటల్లో. ఎవరికీ అనుమానం లేదు. తోటి వాద్యకారులు కూడా "భలే ఎత్తు వేశావయ్యా" అని భుజం తట్టారు. క్రెమోనా నుంచి ఇంటికొచ్చేటప్పుడే దెల్ఫీనాతో, ఈ వేడికి తీగలు ఆగడం లేదమ్మా అన్నాను. అవును మాస్టారూ, వేడి ఎక్కువైంది అంది. డిసెంబరులో, గడ్డకట్టే చలిలో కూడా మేం వేడి గురించే మాట్లాడుకున్నాం.

ఇంతవరకూ అయితే ముసలివాడి కష్టం అని జాలిపడి ఊరుకోవచ్చు నువ్వు. ఇకమీద రాసేది చదివాక జాలిపడాలో వద్దో నువ్వే చూసుకో.

జనవరిలో ఇంటికి ఫోన్ వచ్చింది. ఇల్దె ఎత్తింది. స్విట్జర్లాండ్‌లో పెద్ద పాటల బృందం ఒకటుంది. వాళ్ళు దెల్ఫీనాను రమ్మంటున్నారు, అక్కడే ఉండి పాడటానికి, పాఠం చెప్పడానికి. సెప్టెంబరు నుంచీ అడుగుతున్నారట. ఆమె ఆలోచించుకుంటానంటూ వాయిదా వేస్తోందట. "మా గురువుగారికి ఒప్పుకున్న కచేరీలు ఉన్నాయి" అన్నదట. ఆ గురువుగారే ఆమెకు ఒక మాట చెబితే బాగుంటుందని వాళ్ళు నన్ను వెతుక్కుని ఫోన్ చేశారు. ఇల్దె అంతా విని, నాతో అంతా చెప్పి, "ఇప్పుడేం చేస్తావు?" అంది. చూద్దాం అన్నాను.

జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది, ఈస్టర్ ముందరి ఉపవాస దినాలు కూడా సగం పోయాయి. నేను దెల్ఫీనాతో ఒక్క మాట అనలేదు అక్కా. ప్రతి రైల్లోనూ ఆమె నాకు ఎదురుగానే కూర్చునేది. నోరు తెరిస్తే చాలు. నాకు తెలుసు, ఆమె వెళితే నా వాయింపు ఆ రోజుతో సరి. అందుకే తెలియనట్టు ఊరుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే తాగాను. ఇల్దె మాత్రం ఆ రెండు నెలలూ నాతో అవసరమైనంత వరకే మాట్లాడింది. అది నాకు బాగానే వినబడింది.

మార్చిలో పార్మాలో కచేరీ. బిరడా పాట కాదు, మామూలు పాట, ఆమె వెయ్యిసార్లు పాడింది. మూడో చరణం దగ్గర ఆగిపోయింది. మాటలు మరిచిపోయింది. దెల్ఫీనా మాట మరచిపోవడం నేను ఎరగను. నేను అదే ముక్క మళ్ళీ వాయించాను, మళ్ళీ వాయించాను. ఆమె నా ల్యూట్ వంకే చూస్తోంది, నోరు తెరుచుకుని. అప్పుడు అర్థమైంది నాకు. పాట మొదలైనప్పటినుంచీ ఆ పిల్ల నా తీగలు వింటోంది, తన గొంతు వినడం లేదు. పాడేవాళ్ళు తమను తాము వినకపోతే ఇంకేముంది? మూడోసారి వాయించాక ఎలాగో అందుకుంది. జనం మర్యాదగానే చప్పట్లు కొట్టారు. పేపరువాళ్ళు మాత్రం, ల్యూట్ వాయించిన పెద్దాయన ఎప్పటిలాగే నిబ్బరంగా ఉన్నాడనీ, గాయని అలసినట్టుందనీ, ఆమె మంచి రోజులు దాటిపోయాయేమోననీ రాశారు. ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. ఆ మాట నా కాఫీ పక్కన అచ్చు వేసి ఉంది. చదివి, నేను కాఫీ తాగాను. కప్పు కింద పెట్టాక ఏడుపొచ్చింది.

తిరుగు రైల్లో చెప్పాను. స్విట్జర్లాండ్ వాళ్ళకు నేను ఈ పొద్దున్నే ఫోన్ చేసి, నువ్వు వస్తున్నావని చెప్పేశానన్నాను. ఆమె కిటికీ వైపునుంచి నా వైపుకు తిరిగింది.

"మీకెప్పుడు తెలిసింది మాస్టారూ?"

"జనవరిలో."

"ఇది మార్చి."

"అవునమ్మా."

"తెలిసే ఊరుకున్నారా?"

"తెలిసే ఊరుకున్నాను. నువ్వు వెళితే నాకు శ్రుతి చేసేవాళ్ళు ఉండరు కదా."

ఇన్నాళ్ళకు ఆ మాట మా ఇద్దరి మధ్యా బయటికొచ్చింది. వేడి గురించి ఇక మాట్లాడుకోనక్కర్లేదు. ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది కూడా. "నేను ఉండిపోదామనుకున్నది జాలిపడి కాదు" అంది. "నా చెవికి శ్రుతి నేర్పింది మీరు. ఆ బాకీ తీర్చుకుంటున్నాననుకున్నాను. మీరేమో నన్ను చేతికర్రలా వాడుకున్నారు." మాంతొవాలో దిగేటప్పుడు మాత్రం పెట్టె తనే పైనుంచి దించి నా భుజానికి తగిలించింది. పట్టీ సరిచేసి వెళ్ళిపోయింది. ఆమె క్షమించిందో లేదో నాకు తెలియదు, అడిగే మొహం లేదు. మే నెలాఖరుకు ప్రయాణం అని ఇల్దెకు చెప్పిందట. ఒప్పుకున్న కచేరీలన్నీ నేను మానుకున్నాను. కారణం అడిగినవాళ్ళకు చెవులు పోయాయని చెప్పాను. ఒకాయన ఫోన్‌లో "ఏమన్నారూ?" అని మళ్ళీ అడిగాడు. నవ్వొచ్చింది.

ఇదీ సంగతి. ఆ పేపరు ముక్క అబద్ధం. మీ చిన్న సిస్టర్లకు అది చూపించడానికి ఆ పిల్ల ఇక్కడ ఉండదు, ఉన్నా నేను తీసుకురాను. నిజం నువ్వే వాళ్ళకు చెప్పు, లేదా ఈ ఉత్తరం మదర్ గారికి ఇవ్వు, మీకొచ్చే ఉత్తరాలన్నీ ఆమె ఎలాగూ చదువుతుంది.

ఇక మొదటి ప్రశ్న. జూన్‌లో వాయిస్తావా అన్నావు. నిన్న రాత్రి దాకా రానని రాయాలనే అనుకున్నాను. మీ గుడిలో మామూలు జనం ముందు వాయించడం వేరు. మీ సిస్టర్లు జనానికి కనబడకుండా కూర్చునే ఆ కటకటాల వెనక నువ్వు ఉంటావు. మన వంటింట్లో, నేను తొమ్మిదేళ్ళవాడిగా మొదటి గిటారు ఒళ్ళో పెట్టుకుంటే, గిన్నెలు తోముతూ వెనక్కి తిరక్కుండానే "పైది ఎక్కువైంది, కొంచెం దించు" అనేదానివి. నువ్వు అనేదాకా నేను తిప్పుతూనే ఉండేవాణ్ణి. నాకు చెవి వచ్చింది నీ దగ్గరే. అది పోయిందని మొదటి మీటుకే నీకు తెలిసిపోతుంది. అక్కడ దొరికిపోవడం కంటే ఇక్కడ మానెయ్యడం మేలనుకున్నాను. ఇల్దె ఈ పొద్దున బీన్స్ వలుస్తూ, "అందరి ముందూ ఆ పిల్లతో తిప్పించుకున్నావు. సొంత అక్కతో తిప్పించుకోవడానికి సిగ్గా?" అంది.

అందుకని ఒకటి అడుగుతున్నాను. మదర్ గారిని అనుమతి అడుగు. నేను పొడుగు మెడ ల్యూట్ కాదు, చిన్నది తెస్తాను. మీ వాకిట్లో గోడలో ఆ గుండ్రటి చెక్క అర ఉంది కదా, బయటివాళ్ళు కూరగాయలూ గుడ్లూ పెట్టి తిప్పితే మీకు లోపలికి వచ్చేది. పూజ అవగానే ల్యూట్‌ను దుప్పట్లో చుట్టి అందులో పెట్టి తిప్పుతాను. నువ్వు లోపల శ్రుతి చెయ్యి. ఎలా చెయ్యాలో నీకు చెప్పనక్కర్లేదు, ఒక్కో జంటనూ కలిపి మీటి చూసుకో. అయ్యాక మళ్ళీ అరలో పెట్టి నా వైపుకు తిప్పు. నేను ఒక్క బిరడా ముట్టుకోకుండా వెళ్ళి కూర్చుని వాయిస్తాను. మీ రాతి గుడిలో పేగు తీగలు పావుగంట నిలుస్తాయి. నిలిచినంతసేపు వాయిస్తాను. అవి జారడం మొదలుపెట్టాక నాకు తెలియదు. నీకు తెలుస్తుంది. తెలియగానే ఆ కటకటాల మీద తట్టు, ఆపేస్తాను.

కాస్త గట్టిగా తట్టు అక్కా. మెల్లగా తడితే నాకు వినబడదు.

ఇట్లు,
నీ చెవి అరువడుగుతున్న తమ్ముడు,
ఎర్మెతె